పాత డిజైర్ డీజిల్‌కు ఇంజిన్ పని: విప్పే ముందు ఏం కొలవాలి, విప్పాక ఏం మార్చాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. నాన్నగారు వాడిన 2012 స్విఫ్ట్ డిజైర్ డీజిల్, 1.9 లక్షల కిలోమీటర్లు తిరిగింది. మీరు రోజూ విశాఖలో మధురవాడ నుంచి గాజువాక వెళ్లొస్తున్నారు. వెయ్యి కిలోమీటర్లకు ముప్పావు లీటరు దాకా ఆయిల్ తగ్గుతోంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఇంజిన్ పక్క నుంచి గొలుసు ఆడినట్టు గరగరమని రెండు మూడు సెకన్లు చప్పుడు వస్తోంది. హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎక్కేటప్పుడు పికప్ ఉండడం లేదు, వెనక పొగ వస్తోంది. మెకానిక్ చూసి "ఇంజిన్ అయిపోయిందండి, ఫుల్ పని చేయాలి, 85 వేలు" అన్నారు. ఆ పని చేయించాలా, పాత ఇంజిన్ కొని వేయించాలా, కారే అమ్మేయాలా అని అడిగారు.

ఈ వారం ఆ మూడింటిలో ఏదీ చేయకండి. ఆ 85 వేల మాట తప్పని నేను అనడం లేదు, చివరికి అంతే కావచ్చు కూడా. కానీ ఆయన విని, చూసి చెప్పారు, ఒక్క గేజీ కూడా పెట్టలేదు. మీరు రాసిన నాలుగు లక్షణాలకూ ఒకటే మూలం ఉండొచ్చు, నాలుగు వేర్వేరు మూలాలూ ఉండొచ్చు. ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా నేను ఇంజిన్ పనులే చూస్తున్నాను. పిస్టన్ రింగులు (పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు మూసేవి) మార్పించినా ఆయిల్ తాగడం ఆగలేదని బళ్లు వస్తూనే ఉంటాయి. విప్పి చూస్తే కొత్త రింగులు కొత్తగానే ఉంటాయి, తప్పు టర్బోలోనో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసేది), బ్రీదర్‌లోనో (ఇంజిన్ లోపలి గ్యాస్ పోయే దారి), వాల్వు సీళ్లలోనో ఉంటుంది. ఆ ఇంటివాళ్లు పెట్టిన డబ్బు గుర్తొస్తే బాధగా ఉంటుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ చప్పుడు సంగతి చూడాలి. మీ బండిలో ఉన్నది ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్, 1248 సీసీ, 16 వాల్వులు. వాల్వులు పిస్టన్ల కదలికకు సరిగ్గా కలిసేలా తిప్పడానికి దీనికి టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. "చైను కాబట్టి జీవితాంతం చూడక్కర్లేదు" అని చాలామంది నమ్ముతారు. చైను తెగడం అరుదే గానీ సాగుతుంది, గైడ్లు అరుగుతాయి. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేశాక ప్రెషర్ టెన్షనర్ దాకా చేరేలోపు వదులైన చైను కవరుకు కొట్టుకుంటుంది. మీరు వింటున్నది చాలావరకు అదే.

ఈ ఇంజిన్‌లో ఆయిల్ మొత్తం సుమారు 3 లీటర్లే. అందులో ముప్పావు లీటరు పోతే నాలుగో వంతు పోయినట్టే. మీరు సర్వీసు దాకా ఆయిల్ గేజి (డిప్‌స్టిక్) చూడకుండా తిప్పి ఉంటే ఎన్నోసార్లు సగం ఆయిల్‌తోనే బండి నడిచి ఉంటుంది. కాబట్టి ఆయిల్ తగ్గడం, చైను చప్పుడు రెండూ వేర్వేరు జబ్బులు కాకపోవచ్చు, మొదటిదే రెండోదాన్ని తెచ్చి ఉండొచ్చు. చైను పళ్లు జారితే ఈ ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు, రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) విరగొచ్చు. అప్పుడు మెకానిక్ చెప్పిన అంకెకు మరికొంత కలుస్తుంది. అందుకని చైను సంగతి తేలేదాకా దూర ప్రయాణాలు మానేయండి, అరకు ఘాట్ లాంటివి అసలు వద్దు. వారానికి రెండుసార్లు పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద గేజి చూసి ఆయిల్ నింపుకోండి. చప్పుడు తగ్గుతుందని ఎవరైనా చిక్కటి 20డబ్ల్యూ-50 పోయమంటే ఒప్పుకోకండి. చిక్కటి ఆయిల్ టెన్షనర్‌కు చేరడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది, వేడెక్కాక చప్పుడు తగ్గి మిమ్మల్ని మభ్యపెడుతుంది. ఓనర్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి.

ఇక పొగ. "పొగ వస్తోంది" అని రాశారు గానీ రంగు రాయలేదు. డీజిల్ బండికి రంగులోనే సగం సమాచారం ఉంటుంది. నల్ల పొగ అంటే పోస్తున్న డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు. ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో హోస్ చిట్లడం, ఈజీఆర్ వాల్వుకు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టడం, ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) ఎక్కువ పోయడం, వీటిలో ఏదైనా కావచ్చు. వీటిలో దేనికీ పిస్టన్ బయటికి తీయక్కర్లేదు. తెల్ల పొగ పొద్దున్న కాసేపు వచ్చి పోతే హీటర్ ప్లగ్గులో (చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్‌కు ముందు వేడిచేసేవి), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గడమో చూడాలి. వేడెక్కాక కూడా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పొర) అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నది కూడా ముఖ్యం. రాత్రి ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్క ముద్ద వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి రాత్రంతా ఆయిల్ కారి ఉంటుంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఐడిల్‌లో ఆగి, తర్వాత యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుప్పుమంటే సీళ్లో టర్బోనో. లోడు మీద, ఎక్కుడులో, ఆగకుండా వస్తూనే ఉంటే రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ). ఇది నూటికి నూరు పాళ్లు కచ్చితం కాదు. కానీ మెకానిక్‌ను ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. రేపు ఎండాడ ఎక్కేటప్పుడు వెనక బండిలో ఒక స్నేహితుణ్ని పెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి. అద్దంలో చూసి రంగు చెప్పడం కష్టం.

ఇక కొలతలు. మొత్తం సగం రోజు పని, దానికి విడిగా కూలి ఇస్తానని ముందే చెప్పండి. ఉచితంగా చూడమంటే ఎవరూ శ్రద్ధగా చూడరు.

మొదట బ్రీదర్. ఎంత మంచి ఇంజిన్‌లోనైనా రింగులు దాటి కొంచెం గ్యాస్ కిందికి, ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. అది ఆయిల్ సెపరేటర్, బ్రీదర్ గొట్టం ద్వారా మళ్లీ గాలి దారిలోకి వెళ్లాలి. ఆ దారి జిడ్డుతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లలోంచి బయటికి తోస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, టర్బోలోంచి ఆయిల్ దానంతట అది కిందికి జారి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) రావాలి. సంప్‌లో ఒత్తిడి ఉంటే అది దిగలేదు, టర్బో సీలు దాటి గాలి దారిలోకి వెళ్లి కాలిపోతుంది. అప్పుడు రింగులూ బాగుంటాయి, టర్బో కూడా బాగుంటుంది, అయినా బండి ఆయిల్ తాగుతుంది. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ట్యాక్సీకి సరిగ్గా ఇదే జరిగింది. వేరేచోట టర్బో మార్పించారు, మూడు నెలల్లో మళ్లీ అదే పొగ. బ్రీదర్ దారి శుభ్రం చేశాక పొగ ఆగిపోయింది.

బ్రీదర్ శుభ్రం చేశాక, ఇంజిన్ వేడి మీద ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి, తీయకుండా దాని మీదే వదులుగా పెట్టి చూడండి. కొంచెం వణకడం మామూలే. మూత ఎగిరి పడుతూ, గుప్పుగుప్పుమని పొగ కొడుతుంటే మన మెకానిక్‌లు "బ్యాక్ కంప్రెషన్" అనేది అదే. రింగులు, బోరు అరిగినట్టు ఇది గట్టి సూచన. సూచన మాత్రమే, దీంతోనే తీర్పు ఇచ్చేయకూడదు.

తీర్పు ఇచ్చేది కంప్రెషన్ గేజి. హీటర్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిల్ గేజి బిగించి, ఇంజెక్టర్ల కరెంటు తీసేసి సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ బండి గేజి ఇక్కడ పనికిరాదు, డీజిల్ ఒత్తిడికి అది తట్టుకోదు. బ్యాటరీ పూర్తి ఛార్జిలో ఉండాలి, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే అంకెలు తక్కువ వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి డీజిల్ ఇంజిన్‌లో 25 నుంచి 30 బార్ (ఒత్తిడి కొలత) చుట్టుపక్కల కనిపిస్తుంది. మన షాపుల్లో గేజీలు చాలావరకు పీఎస్ఐలో ఉంటాయి, 25 బార్ అంటే సుమారు 360 పీఎస్ఐ. అయితే అంకె ఎంత వచ్చిందన్నదానికన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది నేను ఎక్కువ చూస్తాను. నాలుగూ సమానంగా కాస్త తక్కువగా ఉంటే అది వయసు అరుగుదల. మూడు బాగుండి ఒకటి 4, 5 బార్ తక్కువ ఉంటే అక్కడ ప్రత్యేకంగా ఏదో జరిగింది. వాల్వు కాలిందో, రింగు విరిగిందో, గ్యాస్కెట్ పోయిందో, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను కింది క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగిందో తేల్చాలి.

రాడ్ వంగడం విశాఖలో కొట్టిపారేసే మాట కాదు. రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద వాననీళ్లలో బండి తోలితే ఎయిర్ ఫిల్టర్ దారిన నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి. నీరు నొక్కుకుపోదు, రాడ్ వంగుతుంది. కొంచెమే వంగితే బండి నడుస్తూనే ఉంటుంది, ఆ ఒక్క సిలిండర్ మాత్రం బలహీనంగా ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీ కారు ఊళ్లోనే ఉందా, ఎప్పుడైనా నీళ్లలో ఆగిపోయి తోసుకొచ్చారా అని నాన్నగారిని ఒకసారి అడగండి.

ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే, దాన్ని కంప్రెషన్ స్థానంలో నిలబెట్టి కంప్రెసర్ గాలి పంపి ఎక్కడినుంచి బుస్సుమంటుందో వినాలి. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, కూలెంట్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. పావుగంటలో ఇంజిన్ లోపలి సంగతి బయటనుంచే తెలిసిపోతుంది. ఎందుకో మన దగ్గర చాలామంది చేయరు. మీరు అడిగి చేయించండి.

ఇంజెక్టర్లకు రిటర్న్ (అవి వాడకుండా వెనక్కి పంపే డీజిల్) పరీక్ష చేయాలి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు పెట్టి ఇంజిన్ ఐడిల్‌లో నడిపితే, అరిగిన ఇంజెక్టర్ సీసా మిగతావాటికంటే బాగా ముందు నిండుతుంది. ఇది రిటర్న్ వైపు చేసే పని కాబట్టి ప్రమాదం లేదు. కానీ ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్‌కు వెళ్లే స్టీలు పైపు నట్టు వదులు చేసి చూడడం పాత అంబాసిడర్ డీజిల్ కాలం అలవాటు. కామన్ రైల్‌లో (నాలుగు ఇంజెక్టర్లకూ డీజిల్ పంపే ఉమ్మడి పైపు) ఒత్తిడి వెయ్యి బార్ దాటగలదు, ఆ డీజిల్ చుక్క చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మీ ముందు ఎవరైనా అలా చేయబోతే ఆపండి. ఇంకొకటి, ఆయిల్ గేజిలో డీజిల్ వాసన వస్తూ ఆయిల్ మట్టం తగ్గాల్సింది పెరుగుతుంటే ఇంజెక్టర్ కారుతోందనుకోవాలి. కాస్త పలచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

టర్బో చూడడానికి గాలి వచ్చే హోస్ విప్పి, చక్రం పట్టుకుని ఆడించాలి. పక్కలకు రవ్వంత ఆట ఉండడం సహజం. ముందుకు వెనక్కు ఆట తెలియకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) హోసుల్లో పలచటి ఆయిల్ పొర ఉంటుంది, దానికి భయపడొద్దు. వంచితే కారేంత ఉంటే మాత్రం టర్బోనో బ్యాక్ కంప్రెషనో చూడాలి. ఈ సందర్భంలో ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. టర్బో సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తీసుకుని, తాళం తీసినా ఆగకుండా దానంతట అదే రేసు అయిపోతుంది. అలా జరిగితే కంగారుపడకుండా బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయాలి. ఇంట్లో ఈ కారు నడిపేవాళ్లందరికీ ఇది చెప్పి ఉంచండి.

పికప్ గురించి వేరుగా ఒక మాట. మీ దారి షీలానగర్ మీదుగా, పోర్టు లారీల వెనక. ఆ దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్లదాకా ఆగదు. బీచ్ గాలికి హోస్ క్లిప్పులు తుప్పుపట్టి వదులవుతాయి, సెన్సర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము చేరుతుంది. టర్బో ఒత్తిడి చూసే సెన్సర్ తప్పు చెబితే బండి కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తుంది, బండి ఎక్కదు. మీ డిజైర్‌లోది 75 పీఎస్ రకం, టర్బో సాదాది. ఎర్టిగా, సియాజ్‌లలో వచ్చిన 90 పీఎస్ రకంలా లోపల కదిలే రెక్కలు దీనిలో లేవు, కాబట్టి అవి ఇరుక్కునే సమస్య మీకు లేదు. ఫిల్టర్, హోసులు, క్లిప్పులు, కనెక్టర్లు, ఈజీఆర్ శుభ్రత ఇవన్నీ అయ్యాకే పికప్ గురించి ఇంజిన్‌ను నిందించాలి.

ఆయిల్ అంతా కాలిపోతోందనుకోవద్దు, కారుతూ ఉండొచ్చు. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున్న చూడండి. తుప్పుపట్టిన సంప్, ఆయిల్ కూలర్ గ్యాస్కెట్, వాక్యూమ్ పంపు, గేర్‌బాక్స్ వైపు వెనక సీలు, ఈ నాలుగూ పాత డీజిల్ బళ్లలో మామూలుగా కారే చోట్లు.

ఇవన్నీ చూశాక సంగతి మూడు రకాలుగా తేలుతుంది. కంప్రెషన్ బాగుండి బ్యాక్ కంప్రెషన్ లేకపోతే మీకు ఫుల్ పని అక్కర్లేదు. టైమింగ్ చైను సెట్టు, ఆయిల్ తాగడానికి దొరికిన కారణం సరిచేయడం, అంతే. 1.9 లక్షలకు సరిగ్గా ఆయిల్ మార్చిన మల్టీజెట్‌లో కింది భాగం బాగుండడం నేను తరచూ చూస్తాను, మీదీ ఈ కోవలోదే కావాలని కోరుకుంటున్నాను. ఒక్క సిలిండర్ తక్కువుండి లోపం వాల్వులో, గ్యాస్కెట్‌లో అని తేలితే హెడ్ పని. అన్నీ తక్కువుండి, మూత ఎగురుతుంటే అప్పుడు ఫుల్ పని, అప్పుడు ఆ 85 వేలు న్యాయమైన మాటే కావచ్చు.

హెడ్ విప్పితే ఏం చేయాలో చెప్తాను. ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియం, ఒక్కసారి గట్టిగా వేడెక్కినా వంగుతుంది. స్టీలు స్కేలు అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజితో సందు చూడాలి. వంగితేనే ఫేసింగ్ (హెడ్ అడుగును కోసి చదును చేయడం). "ఎలాగూ విప్పాం కదా ఒక కోటు లాగేద్దాం" అంటే వద్దనండి. డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు చాలా తక్కువ, అనవసరంగా లాగిన ప్రతి కోటూ దాన్ని తగ్గిస్తుంది. గ్యాస్కెట్ మందం కూడా పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తోందో డయల్ గేజితో కొలిచి ఎంచుకోవాలి. పాత గ్యాస్కెట్ మీది గుర్తులు చూసి అదే మందం తేవడం బ్లాకు, పిస్టన్లు మార్చనప్పుడు సరిపోతుంది. మారిస్తే మళ్లీ కొలవాల్సిందే. హెడ్ బోల్టులు కొత్తవే వేయాలి. అవి బిగింపులో సాగే రకం, రెండోసారి అదే పట్టు ఇవ్వవు. బిగింపు టార్క్ రెంచితో, ఆ తర్వాత డిగ్రీల లెక్కన. వాల్వు సీళ్లు పదహారూ కొత్తవి. హైడ్రాలిక్ టాపెట్లు, రాకర్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడాలి, రోలర్ గరుకుగా తిరిగేది ఒక్కటున్నా మార్చాలి.

కింది భాగం విప్పాల్సి వస్తే, అసలు పని లేత్ షాపులో జరుగుతుంది, గ్యారేజీలో కాదు. అందుకని ఏ లేత్ షాపు అని అడగండి, వీలైతే మీరే వెళ్లండి. ప్రతి బోరునూ పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా బోర్ గేజితో కొలిచి కాగితం మీద రాసివ్వాలి. ఈ ఇంజిన్ బోరు కొత్తగా ఉన్నప్పుడు 69.6 మిల్లీమీటర్లు. అరుగుదల ఎప్పుడూ పై రింగు తిరిగే చోట ఎక్కువుంటుంది, కింద దాదాపు కొత్తగానే ఉంటుంది. ఆ రెండింటి తేడా మాన్యువల్ పరిమితిలో ఉంటే హోనింగ్ (బోరు గోడను రాయితో సన్నగా రుద్దడం) చేసి కొత్త రింగులు సరిపోతాయి. దాటితే రింగులు మాత్రమే వేయడం డబ్బు దండగ. గుండ్రం పోయిన బోరులో గుండ్రటి రింగు ఎలా కూర్చుంటుంది? బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లో, స్లీవులు వేసి పాత సైజు పిస్టన్లో వేయాలి. ఇక్కడ ఒక క్రమం తప్పొద్దు. ముందు పిస్టన్లు చేతికి రావాలి, వాటిని కొలిచాకే బోరు కోయాలి. ముందు కోసేసి తర్వాత పిస్టన్ల కోసం తిరిగితే సందు కలవదు.

హోనింగ్ అయ్యాక బోరులో ఐమూల గీతలు కనిపించాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. తర్వాత వేడి నీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. డీజిల్‌తో కడిగి వదిలేస్తే రాయి పొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను నెలల్లో అరగదీస్తుంది. ప్రతి రింగునూ బోరులో పెట్టి మూతి సందు ఫీలర్ గేజితో చూడాలి. క్రాంక్ జర్నల్స్ (క్రాంక్ షాఫ్ట్‌లో బేరింగుల మీద తిరిగే చోట్లు) మైక్రోమీటర్‌తో కొలవాలి, గోరుకు తగిలే గీత ఉంటే గ్రైండింగ్ చేసి ఆ సైజు బేరింగులు వేయాలి. రాడ్ బోల్టులు కొత్తవి. ఆయిల్ పంపు ఈ ఇంజిన్‌లో టైమింగ్ కవరులోనే ఉంటుంది. కవరు ఎలాగూ తీస్తారు కాబట్టి పంపు అరుగుదల చూడకుండా మూయనివ్వకండి. ఇంత పనీ చేసి పాత పంపు బలహీనంగా వదిలేస్తే కొత్త చైను టెన్షనర్‌కు మళ్లీ అదే గతి.

విప్పినందుకు మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటర్ పంపు, థర్మోస్టాట్, వెనక క్రాంక్ సీలు, క్లచ్ ప్లేటు అరిగి ఉంటే క్లచ్ సెట్టు, హీటర్ ప్లగ్గులు, ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు, టర్బోకు ఆయిల్ తెచ్చే పైపు. ఇవి విడిగా తర్వాత చేయిస్తే సామాను ఖర్చు అంతే, కూలి మాత్రం మళ్లీ మొదటినుంచి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, సెల్ఫ్ లాంటివి బాగుంటే ముట్టుకోవద్దు.

సామాను విషయంలో మీకో ధైర్యం ఉంది. ఇదే ఇంజిన్ స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో లాంటి చాలా బళ్లలో వచ్చింది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు మానేసినా రోడ్డు మీద ఇన్ని ఉన్నాయి కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. చైను సెట్టు, టెన్షనర్, హెడ్ గ్యాస్కెట్, బోల్టులు, బేరింగులు, సీళ్లు, వీటిలో డూప్లికేట్ వద్దు. కంపెనీ కౌంటర్‌లోనో, ఆ కంపెనీకి సామాను చేసిచ్చే పేరున్న బ్రాండులోనో తీసుకోండి. బిల్లు మీ పేరు మీద ఉండాలి. హోసులు, మౌంటింగులు, ఫిల్టర్ల లాంటివాటిలో మంచి లోకల్ బ్రాండుతో సర్దుకోవచ్చు. ఇంజెక్టర్లు కొత్తవో, రిపేరు చేసినవో వేస్తే, ఒంటి మీద కోడ్ ఉన్న రకమైతే ఆ కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అది వదిలేస్తే ఐడిల్ వణుకుతూనే ఉంటుంది.

పాత ఇంజిన్ కొని వేయించే ఆలోచన నాకు నచ్చదు. తుక్కులోకి వెళ్లిన బండి ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు ఆయిల్ లేకుండా నడిచిందో మీకు తెలియదు. మీ ఇంజిన్ చరిత్ర మీ నాన్నగారికి తెలుసు. కంప్రెషన్ కొలిచి, చైను మార్చి వేయించుకునేటట్టయితే ఒప్పుకోవచ్చు గానీ అప్పటికి ఖర్చు దగ్గర దగ్గరగా అక్కడికే వస్తుంది. పైగా ఇంజిన్ నంబరు మారుతుంది. అమ్మిన బిల్లు, ఆ పాత బండి కాగితాలు తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో నంబరు మార్పించుకోవాలి, ఇన్సూరెన్సుకూ తెలపాలి. లేకపోతే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు, అమ్మేటప్పుడు అదే పెద్ద టెన్షన్.

అమ్మేయాలా అన్నది ఇంజిన్ కంటే బాడీ మీద ఆధారపడుతుంది. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ నియమం ఉందని విని మీరు భయపడుతున్నట్టున్నారు, అది ఆ ప్రాంతానిదే. మనకు 15 ఏళ్లు నిండాక, అంటే మీకు 2027లో, బండి చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవాలి, అది ఐదేళ్లకు వస్తుంది. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి డోర్ల కింది అంచులు, ముందు చక్రాల లోపలి గోడలు, షాక్ అబ్సార్బర్ పై భాగం స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. సముద్రం గాలికి అక్కడ ఇనుము బొరియలు పడి ఉంటే ఇంజిన్‌కు పెద్ద డబ్బు పెట్టకండి, చైను మాత్రం మార్పించి ఉన్నన్నాళ్లు నడపండి. బాడీ గట్టిగా ఉంటే ఈ ఇంజిన్ మీద పెట్టిన డబ్బుకు బండి మీకు చాలా ఏళ్లు పనిచేస్తుంది.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆయన్ని అనుమానిస్తున్నట్టు మాట్లాడకండి. "అన్నా, ముందు కంప్రెషన్, రిటర్న్ కొలిచి కాగితం మీద రాయి, దాని కూలి ఇస్తాను, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం" అనండి. పని తెలిసినవాడు సంతోషిస్తాడు. కొలిచే సామాను లేదంటే ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఖర్చు చెప్పేటప్పుడు సామాను, లేత్ పని, కూలి మూడూ విడివిడిగా రాయించుకోండి. తీసిన పాత సామాను మొత్తం మీకే ఇవ్వాలని ముందే అనుకోండి.

పని పూర్తయ్యాక మొదటి స్టార్ట్ దగ్గర మీరు పక్కనే ఉండండి. టర్బోలో ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల కరెంటు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. పొడిగా తిరిగిన ఆ మొదటి కొన్ని సెకన్లే కొత్త బేరింగులకు ఎక్కువ నష్టం చేస్తాయి. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిల్‌లో వదలకండి. రింగులు బోరుకు కూర్చోవాలంటే మధ్యస్థంగా లోడు పడాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు హైవే మీద వేగం మారుస్తూ నడపండి, ఒకే వేగంలో పట్టి ఉంచకండి, పూర్తిగా తొక్కకండి, తక్కువ ఆర్‌పీఎంలో పై గేరులో లాగించకండి. కూలెంట్, ఆయిల్ మట్టం రోజూ చూడండి. వెయ్యికి ఆయిల్, ఫిల్టర్ మార్పించి, పాత ఫిల్టర్‌ను కోయించి మడతల మధ్య చూడండి. సన్నటి బూడిదరంగు పొడి కొంచెం ఉంటే కంగారు లేదు. మెరిసే రేకులు, రాగిరంగు తునకలు కనిపిస్తే బండి నడపకుండా ఫోటో తీసి, కంప్రెషన్ కాగితంతో కలిపి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.